అమోస్ మోకాలి సంగతి

పోయిన వారం మనం రాడెరిక్ పెట్‌వేని లూయిస్‌విల్‌లో, జట్టువాళ్ల మైదానం గేటు బయట, కారు పక్కన నిలబెట్టి వచ్చేశాం. చేతిలో ఒక సంచీ, మొహాన నెత్తురుచుక్క లేదు. ఆ జట్టులో చేరి సరిగ్గా ఏడు రోజులు. ఆ మంగళవారం పొద్దున్నే జట్టులోంచి తీసేసేవాళ్లను పిలుచుకెళ్లే కత్తెర మనిషి వచ్చి, కోచ్ పిలుస్తున్నాడు, జట్టు ఎత్తులన్నీ ఎక్కించి ఇచ్చిన కంప్యూటరు పలక కూడా తీసుకురా అన్నాడు. పలక తెమ్మన్నారంటే ఉద్యోగం పోయినట్టేనని అమెరికా ఫుట్‌బాల్ ఆడేవాళ్లలో తెలియనివాడు లేడు. రాడెరిక్‌కి ఇది ఏడోసారి. తొమ్మిదేళ్ల ఆట, ఏడు జట్లు. తక్కినవాళ్ల అలమరాల మీద పేరు ఇత్తడి రేకు మీద చెక్కి ఉంటుంది. రాడెరిక్ పేరు ఎప్పుడూ తెల్లపట్టీ మీద మార్కరుతో రాసి అంటించిందే. ఒక్క లాగుతో ఊడొస్తుంది.

బంతి విసిరేవాడి ముందు గోడలా ఐదుగురు నిలబడతారు చూడండి, ఆ ఐదుగురిలో ఎవడికి దెబ్బ తగిలినా ఆ ఖాళీలో దూరే ఆరోవాడు మన రాడెరిక్. లూయిస్‌విల్ వాళ్లు అతణ్ణి ఎందుకు పిలిచారో వాళ్లకీ తెలుసు, అతనికీ తెలుసు. ఆ ఆదివారం వాళ్ల ఆట బర్మింగ్‌హామ్ జట్టుతో. రాడెరిక్ రెండేళ్లు బర్మింగ్‌హామ్‌లో ఆడి, ఐదు వారాల కిందటే బయటపడ్డాడు. పాతజట్టు సైగలూ కేకలూ కొత్తజట్టుకు చెప్పడం వాళ్లలో తప్పేం కాదు, అందరూ చేసేదే. ఫలానావాడు అవతలికి పోయాడని తెలియగానే ఇవతలివాళ్లు కేకలన్నీ మార్చేసుకుంటారు కూడా. కానీ ఒక హద్దుంది. మైదానంలో చూసింది చెప్పొచ్చు. పక్కపక్క మంచాల మీద పడుకున్నప్పుడు చూసింది చెప్పకూడదు. ఒకడి ఒంటినొప్పి ఇంకొకడి నోట రాకూడదు. ఇది ఏ కాగితం మీదా రాసి లేదు.

రాడెరిక్ ఆ హద్దు దాటాడు. బర్మింగ్‌హామ్ గోడకు ఎడమ కొసన నిలబడే అమోస్ టార్వర్ ఎడమ మోకాలు రెండేళ్లుగా బాగాలేదని చెప్పేశాడు. ఆటల నెలల్లో జట్టంతా హోటల్లోనే ఉంటుంది, రెండేళ్లు ఆ అమోస్‌తోనే ఒకే గదిలో ఉన్నాడు. ఆదివారం ఆట నాలుగు భాగాల్లో మూడోదానిలో ఆ మోకాలు తెగింది. మంగళవారం పొద్దున రాడెరిక్ ఉద్యోగం పోయింది. గేటు బయట నిలబడి ఉండగా ఫోన్ మోగింది. అమోస్. అమ్మ వంట చేస్తోంది, ఇటు వచ్చెయ్ అన్నాడు, అంతే.

ఏం చెప్పి తప్పించుకుంటాడు? బయల్దేరాడు.

ఐదున్నర గంటల దారి. దారి పొడుగునా ఒకే మాట నోట్లో తిప్పుకుంటూ పోయాడు. వాళ్లు అడిగారు, నేను చెప్పాను. కొత్తగా చేరినవాణ్ణి, అడిగితే చెప్పననగలనా. నాష్‌విల్ దాటేసరికి ఆ మాట బాగా నునుపు దేలింది. అలబామాలో అడుగుపెట్టేసరికి తనే నమ్మేశాడు.

అమోస్ ఇల్లు బెస్సమర్‌లో, కొండవాలున. గుమ్మంలోనే లువీనియమ్మ ఎదురొచ్చింది. అమోస్ తల్లి. అయిదడుగుల మనిషి, ఒళ్లంతా కలిపినా రాడెరిక్ తొడంత ఉండదు. ఆవిడ రెండు చేతులూ చాచి అతణ్ణి వాటేసుకుంటే, ఆ చేతులు వీపు చుట్టూ సగం కూడా అందలేదు. ఆ రెండేళ్లూ రాడెరిక్ ఏ ఊళ్లో ఉన్నా పుట్టినరోజుకు చిలగడదుంప తీపిరొట్టె కట్టి పంపిన మనిషి ఆవిడ. అతనికి బిడ్డ పుట్టినప్పుడు బస్సెక్కి వచ్చి పదిరోజులు వంట చేసిపెట్టింది.

"ఏం నాయనా, ఆ లూయిస్‌విల్‌లో తిండి పెట్టరా? వారంలో మెడ సన్నబడిపోయింది," అంది.

"లేదమ్మా, బానే పెట్టారు."

"పెడితే ఏం లాభం, తిన్నది ఒంటికి పట్టకముందే తరిమేశారుగా. పైగా నా కొడుకు కాలు విరగ్గొట్టి మరీ తరిమారు. వాళ్ల ఇళ్లల్లో పొయ్యి వెలగకుండా ఉండాలని ఆదివారం నుంచీ ప్రార్థన చేస్తున్నా. పాస్టరుగారు అలా అడక్కూడదన్నాడు. సరే, ఒక్క పూట వెలగొద్దని అడుగుతున్నా."

నవ్వాలి అక్కడ. రాడెరిక్ నవ్వాడు. ఆ నవ్వు తన నోటిలోంచి వస్తుంటే తనకే అసహ్యం వేసింది. ఆ కాలు విరగ్గొట్టించిన మనిషి చెయ్యే ఇప్పుడు ఆవిడ రెండు చేతుల మధ్య ఉంది. లాక్కుందామంటే ఆవిడ వదల్లేదు, ముందుగదిలోకి నడిపించుకుపోయింది.

అమోస్ పొడుగు సోఫా మీద అడ్డంగా పడుకుని ఉన్నాడు. ఎడమకాలు మూడు దిండ్ల మీద. తొడ నుంచి పిక్క దాకా ఇనపకమ్ములున్న కట్టు, దాని మీద ఐసు సంచీ. వాపు తగ్గేదాకా ఆపరేషన్ కుదరదన్నారట డాక్టర్లు.

"రారా నిరుద్యోగీ," అన్నాడు.

"నువ్వేదో ఆఫీసుకు బయల్దేరుతున్నట్టు మాట్లాడుతున్నావే."

"నాకు సెలవురా. నీకు ఉద్వాసన. తేడా ఉంది."

అమోస్ నవ్వుతుంటే మోకాలు కదిలి మూలిగాడు. లువీనియమ్మ కొడుకు నెత్తిన ఒక్కటేసి, చేపలు మాడిపోతాయంటూ వంటింట్లోకి పోయింది.

ఎదురుగా గోడంత టీవీ. అందులో ఆదివారం ఆట, ఆపేసి ఉంది. రాడెరిక్ అది చూసి తల తిప్పుకున్నాడు, కానీ ఎంతసేపని తిప్పుకుంటాడు. అమోస్ పక్కన కుర్చీ చూపించాడు. వాళ్లిద్దరికీ ఇది పాత అలవాటు. రెండేళ్లు ప్రతి సాయంత్రం హోటలు గదిలో మంచాల మీద కూర్చుని, ఒకడి ఆట ఇంకొకడు చూసి తప్పులు ఎంచేవాళ్లు. నీ నడుం లేచిపోయింది చూడు అని ఒకడంటే, నీ బుర్ర అసలు దిగనేలేదు చూడు అని రెండోవాడు.

అమోస్ చర్చిలో పంచిన కాగితం వెనక పెన్సిలు గీతలు గీసుకున్నాడు. పదకొండు గీతలు. అతని గొంతులోంచి నవ్వు పోయింది. లూయిస్‌విల్ జట్టులో తన మీదికి దూకేవాడు ఈ ఏడు ఎనిమిది ఆటలాడాడనీ, ఎనిమిదీ తను చూశాననీ, ఎనిమిది ఆటల్లోనూ వాడు బయటి వైపు నుంచే వచ్చాడు తప్ప ఒక్కసారి కూడా లోపలికి తిరగలేదనీ చెప్పాడు. ఆదివారం పదకొండుసార్లు తిరిగాడు. బయటికి పోతున్నట్టు లాక్కుపోవడం, అక్కడ చటుక్కున లోపలికి విరగడం. వాడితోపాటు లోపలికి రావాలంటే అమోస్ ఎడమకాలు నేలకు తన్ని ఒళ్లంతా దాని మీద ఆనించాలి. ఆ మోకాలు అదొక్కటే చెయ్యలేదు. పదిసార్లు ఎలాగో ఈడ్చుకొచ్చాడు.

పదకొండోది టీవీలో నడిపించాడు. రాడెరిక్ చూశాడు. కాలు నేలకు ఆనింది, ఒళ్లు తిరిగింది, మోకాలు ఒళ్లుతో పాటు తిరగలేదు. వెనక్కి తిప్పాడు అమోస్. మళ్లీ ఆనింది, మళ్లీ తిరగలేదు. మళ్లీ వెనక్కి. తన కాలే అది. ఎవరి కాలో అన్నట్టు చూస్తున్నాడు.

"నేను ఎక్కడ దొరికిపోయానురా?" అన్నాడు. "నడకలోనా? కూర్చోవడంలోనా? రెండు రోజులుగా చూస్తున్నా. నా చేతులు చూశా, మడమలు చూశా, మొహం కూడా చూశా. ఎక్కడో కుంటి ఉంటాను. వాళ్లు పట్టేశారు. నీ కళ్లు మంచివి. చూసి చెప్పు."

 రాడెరిక్ టీవీ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆదివారం తను ఆడలేదు, జట్టు కోటు వేసుకుని గీత అవతల నిలబడ్డాడు. టీవీలో మూల ఆ కోటు కనిపిస్తోంది. అమోస్ కింద పడ్డప్పుడు అందరూ మైదానంలోకి చూస్తుంటే, ఆ కోటు మనిషి ఒక్కడే నేల వైపు చూస్తున్నాడు. అమోస్ ఇన్నిసార్లు తిప్పి చూసి కూడా ఆ మూలను చూడలేదు. తన తప్పు వెతుక్కోవడంలోనే ఉన్నాడు.

డాక్టరు ఏడాది పడుతుందన్నాడని చెప్పాడు అమోస్. తనకు ముప్పై నాలుగు. ముప్పై నాలుగేళ్లవాడి కోసం ఏ జట్టూ ఏడాది ఆగదు. పోతే పోయింది, పన్నెండేళ్లు ఆడాను, చాలు అన్నాడు. కానీ రెండేళ్లు అందరి కళ్లూ కప్పినవాణ్ణి ఆఖరికి నా అంతట నేనే బయటపెట్టుకున్నానంటే, ఆ ఒక్కటీ మింగుడుపడటం లేదన్నాడు. తర్వాత, వేరే సంగతి ఏదో గుర్తొచ్చినట్టు అన్నాడు.

"నీ సంగతి తెలియగానే పొద్దున మన బర్మింగ్‌హామ్ ప్రూయిట్ కోచ్‌తో మాట్లాడాను. నా ఖాళీలో నిన్ను తప్ప ఎవర్నీ పెట్టొద్దన్నాను. ఇవాళ నాలుగింటికి ఫోన్ చేస్తానన్నాడు. ఇంక ఆ తెల్లపట్టీల గోల లేదులేరా. ఈ ఏడాది చివరిదాకా ఆ చోటు నీదే."

రాడెరిక్ గోడ గడియారం చూశాడు. నాలుగుకు పావుగంట తక్కువ.

సిగ్గు అనేది అతనికి కొత్త కాదు. ఏడు ఊళ్లల్లో ఏడుసార్లు సంచీ సర్దుకుంటూ, అందరూ తన వైపు చూడనట్టు నటిస్తుంటే తల దించుకుని నడిచినవాడు. అది ఒంటి మీద పడే సిగ్గు, స్నానం చేస్తే కొంత పోయేది. ఇది వేరు.  అమోస్ తిడితే బావుండేది. అనుమానించినా బావుండేది. మోకాలి సంగతి తెలిసినవాళ్లు లోకంలో ఎంతమందో అమోస్ వేళ్ల మీద లెక్కపెట్టలేదు. పెడితే ఒక్క వేలు చాలు. ఆ వేలు తన చేతిదే అన్నట్టు, దాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

చోటు కావాలి రాడెరిక్‌కి. ఆ మాట దాచి లాభం లేదు. ముప్పై ఒకటి వచ్చాయి, మాంట్‌గోమరీలో పెళ్లాం వెర్నీస్ గోడ క్యాలెండరు మీద మొగుడున్న ఊరి పేరు పెన్సిలుతో రాస్తుంది, చెరపడానికి వీలుగా. ఇక్కడ నోరు మూసుకుని పావుగంట కూర్చుంటే చాలు. ఏడాది చివరిదాకా ఒకే ఊరు.

ఐసు కరిగి కట్టు జారింది. అమోస్ చెయ్యి చాచాడు గాని అందలేదు.

"అమ్మకు కట్టడం రాదు, ఉరేసినట్టు బిగిస్తుంది," అన్నాడు గొంతు తగ్గించి. "నువ్వు కట్టరా. నీ చెయ్యి దానికి తెలుసు."

అవును, తెలుసు. రెండేళ్లు రోజూ పొద్దున్నే, జట్టు వైద్యుల కంట పడకముందు, హోటలు స్నానాలగదిలో తలుపు గడియ వేసుకుని, అమోస్ తొట్టి అంచు మీద కూర్చుంటే రాడెరిక్ కింద మోకాళ్ల మీద కూర్చుని ఆ సాగే గుడ్డ చుట్టేవాడు. ఎక్కడ వదులుగా ఉండాలో, ఎక్కడ లాగాలో అమోస్ కంటే అతనికే బాగా తెలుసు. ఇప్పుడూ అలాగే నేల మీద కూర్చున్నాడు. ఇనపకమ్ములు విప్పాడు. గుడ్డ తీశాడు. లోపల మోకాలి ఆకారమే లేదు. నల్లగా, ఉబ్బి, ముట్టుకుంటే వేడి. అమోస్ కళ్లు మూసుకుని తల వెనక్కి వాల్చాడు, పూర్తిగా అతని చేతుల్లో పెట్టేసినట్టు.

రెండు చుట్లు చుట్టాడు. మూడో చుట్టుకు చేతులు ఆగిపోయాయి.

"అమోస్. నువ్వు ఎక్కడా దొరకలేదు."

"అలా ఊరుకోబెట్టకురా. సరిగ్గా చూసి చెప్పు."

"చూడక్కర్లేదు. నేనే చెప్పాను వాళ్లకు."

అమోస్ కళ్లు తెరవకుండానే నవ్వాడు. "కేకలా? నువ్వు పోయావని తెలిసిన గంటలో అన్నీ మార్చాం. నీ పేరే పెట్టాం ఒకదానికి. పెట్‌వే అని అరిస్తే అందరం కుడివైపు పోవాలి."

"కేకలు కాదు. మోకాలు."

అమోస్ కళ్లు తెరిచాడు. టీవీలో మనుషులు గాల్లో ఆగి ఉన్నారు. వంటింట్లో నూనె చిటపటలు ఆగిపోయాయి, పొయ్యి కట్టేసినట్టుంది. అమోస్ తన కాలి వైపే చూశాడు, దాని మీద ఉన్న ఆ రెండు చేతుల వైపు.

అప్పుడు అతను తిట్టలేదు, కొట్టలేదు. ఒకే ఒక్క సంగతి అడిగాడు.

"వాళ్లు అడిగారా?"

ఐదున్నర గంటలు నునుపు చేసి తెచ్చుకున్న మాట నాలిక చివరే ఉంది. అడిగారు, చెప్పాను. అమోస్ ముఖం చూస్తే, ఆ మాట అంటే చాలు, నమ్ముతాడని తెలుస్తోంది. నమ్మాలనే చూస్తున్నాడు. అడిగితే చెప్పినవాణ్ణి ఎలాగో క్షమించవచ్చు, ఉద్యోగం అలాంటిది.

కానీ చేతుల కింద ఆ వేడి. రాడెరిక్‌కి పోయిన బుధవారం కళ్లముందుకొచ్చింది. లూయిస్‌విల్ చిన్న కోచ్, హోల్కోమ్ అని మర్యాదస్తుడే, కాఫీ తెప్పించాడు, కేకలు అడిగాడు, సైగలు అడిగాడు. అరపేజీ రాసుకున్నాడు. ఇవన్నీ మాకు చాలావరకు తెలిసినవేలే, థాంక్స్ అని కలానికి మూత పెట్టాడు. ఆ మూత పెట్టిన చప్పుడుకే రాడెరిక్ గుండె జారింది. తన అవసరం అయిపోయింది. ఆదివారం దాకా కూడా ఉంచరేమో. అప్పుడు నోరు దానంతటదే తెరుచుకుంది. వాళ్ల ఎడమ కొసవాడి ఎడమ మోకాలు, అన్నాడు. హోల్కోమ్ మూత మళ్లీ తీశాడు. అది చూసి రాడెరిక్‌కి ఎంత హాయిగా అనిపించిందో. 

"లేదు," అన్నాడు. "ఎవరూ అడగలేదు. నేనే చెప్పాను."

వెనక పళ్లేల చప్పుడు. లువీనియమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, రెండు చేతుల్లో రెండు పళ్లేలు, వేయించిన చేపలు, మొక్కజొన్న రొట్టె. ఎప్పటినుంచి నిలబడిందో. మెల్లిగా వచ్చి పళ్లేలు బల్ల మీద పెట్టింది. కొడుకు వైపు తిరిగింది.

"ఆదివారం తెగింది కాదా ఇది? అంతకుముందే బాలేదా?"

అమోస్ తల తిప్పుకున్నాడు.

"ఎన్నాళ్లనుంచి?"

"రెండేళ్లమ్మా," అన్నాడు రాడెరిక్ నేల మీంచే. "రోజూ నేనే కట్టేవాణ్ణి."

ఆవిడ కూలబడింది. కొంగు లాంటిదేమీ లేదు మొహానికి అడ్డం పెట్టుకోడానికి, వంటబట్ట ఉంది, దానితో చేతులు తుడుచుకుంటూనే ఉంది, తడి లేకపోయినా.

"రెండేళ్లు నా ఇంట్లో తిన్నావు. క్రిస్మస్‌కి ఇదే బల్ల దగ్గర కూర్చున్నావు. అమ్మా, వీడి కాలు బాలేదు, మానిపించు అని ఒక్కమాట నాతో అంటే, చెవి పట్టుకుని లాక్కొచ్చేదాన్ని కదా. వీడు ఈపాటికి రెండు కాళ్ల మీదా నడిచేవాడు." గొంతు పెంచలేదు ఆవిడ. "చెప్పాల్సిన నాకు చెప్పలేదు. వాళ్లకు పోయి చెప్పావు."

 రాడెరిక్ కట్టు మిగతా చుట్లు చుట్టాడు. చెయ్యడానికి అదొక్కటే కనిపించింది. కొస దోపి, కమ్ములు బిగించాడు. లేవకుండా నేల మీదే కూర్చున్నాడు.

ఫోన్ మోగింది. బల్ల మీద, చేప పళ్లెం పక్కన. ప్రూయిట్ కోచ్ పేరు. ముగ్గురూ దాన్ని చూశారు. అమోస్ నాలుగు మోతలు మోగనిచ్చి తీశాడు, అందరికీ వినిపించేలా మీట నొక్కాడు.

కోచ్ తొందరలో ఉన్నాడు. కాలు ఎలా ఉందని అడిగి జవాబు కోసం ఆగలేదు. జట్టు పెద్దవాళ్లు ఇంకెవర్నో తీసుకుందామంటున్నారనీ, ఐదింటికల్లా పేరు పంపాలనీ, జట్టు గదిలో గోడవాళ్లు, బదులువాళ్లతో కలిపి తొమ్మిదిమందికీ అమోస్ మాటంటే వేదమనీ చెప్పాడు. "ఒక్కమాట చెప్పు. పెట్‌వేని తీసుకోనా, వద్దా?"

అమోస్ ఫోన్ వైపు చూడలేదు. రాడెరిక్ వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే రాడెరిక్ తట్టుకునేవాడు. మైదానంలో ఎదుటివాడి కాళ్లు ఎటు తిరుగుతాయో కొలిచే చూపు అది.

"తీసుకోండి కోచ్," అన్నాడు. "నా చోటు వాడికంటే ఎవడికీ బాగా తెలియదు. రేపు పొద్దున ఎనిమిదింటికి జట్టు గదికి పంపిస్తాను. ప్రాక్టీసు మొదలెట్టే ముందు వాడు మన తొమ్మిదిమందికీ ఒక మాట చెబుతాడు."

"ఏం మాట?"

"మీరెవరూ అడగక్కర్లేదు. అడక్కపోయినా చెబుతాడు, వాడికది వచ్చు."

ఫోన్ పెట్టేశాడు. టీవీ కూడా ఆపేశాడు. లువీనియమ్మ ఒక పళ్లెం కొడుకు ఒళ్లో పెట్టింది. రెండోది రాడెరిక్ ముందుకు జరిపింది, నేల మీదికే. తినమనలేదు, తినొద్దనలేదు.

చేప చల్లారుతోంది. మోకాలి సంగతి తన నోటితోనే చెప్పాల్సిన ఆ తొమ్మిదిమంది ముఖాలూ ఒక్కొక్కటే రాడెరిక్ కళ్లముందుకొస్తున్నాయి. వాళ్లలో ప్రతివాడికీ ఎక్కడో ఒకచోట దాచుకున్న నొప్పి ఉంది, వాటిలో సగం తనకు తెలుసు. రేపటి తర్వాత తను పక్కన నిలబడితే ఒక్కడు కూడా చొక్కా విప్పడు. మాంట్‌గోమరీ ఇక్కడికి గంటన్నర. ఇప్పుడు బయల్దేరితే దీపాలు పెట్టే వేళకు ఇంట్లో ఉండొచ్చు, వెర్నీస్‌తో ఏదో ఒకటి చెప్పొచ్చు, ఎనిమిదింటికి ఆ గదిలో లేకపోతే వచ్చి ఈడ్చుకెళ్లేవాళ్లు ఎవరూ లేరు.

అతని చెయ్యి కారు తాళం ఉన్న జేబులోకి పోవడం అమోస్ చూశాడు. చూసి, రొట్టె తుంచుకున్నాడు.